పోగు కదలని పొద్దు

మా ఇంటాయప్ప గిడ్డయ్య ఒక్క గడియ నిమ్మళంగా కూసోనుండంగా ఎవరన్నా సూసింటే నాకొచ్చి సెప్పండి, నేను మీ ఇంటికొచ్చి మీ కాళ్ళు కడిగి పోతా. కట్టుకున్నదాన్ని, నేనే సూడలా. మగ్గం గుంతలో కూసుంటాడు గదమ్మా అంటారేమో. కూసుంటాడు. పైన నడుము కూసుంటాది, కింద కాళ్ళు తొక్కుతానే ఉంటాయి. బువ్వ తినేటప్పుడు గూడా తొక్కుతాంటాయి. నిద్దర్లో దుప్పటి కింద తొక్కుతాంటాయి. కొత్తగా కాపురానికొచ్చినప్పుడు నేను దడుసుకొని మా అత్తను లేపితే, "వాడు నా కడుపులో ఉన్నప్పుడూ అంతేలేమ్మా, పో, పండుకో" అనింది.

మా పెండ్లిలో ఏం సేసినాడో తెలుసునా? అయ్యగారు తాళి సేతికిచ్చినాడు. ఈయప్ప తాళి పట్టుకొని పైకి సూస్తాండాడు. ఏమైంది నాయనా అంటే, "ఆ మూల గుంజ ఊగుతాంది, గాలొస్తే పందిరి కూలుతుంది" అని లేసి పోయినాడు, తాళి సేతిలోనే! గుంజకు తాడు బిగిచ్చి, మట్టి సేతులు పంచెకు తుడుసుకొని, అప్పుడొచ్చి నాకు కట్టినాడు. మా సిన్నమ్మ ఇప్పటికీ తలుసుకొని నవ్వుతాది. నవ్వితే నవ్వనీ, ఒక మాట నిజం సెప్పాల. ఆ సాయంత్రం గాలి కొట్టింది. ఎనక వీధిలో ఇంగో పెండ్లివాళ్ళ పందిరి పడింది, మాది నిలబడింది.

మాది ఎమ్మిగనూరు, నేసేవాళ్ళ వీధి. ఇప్పుడంటే మగ్గాలు తగ్గినాయి గానీ, ఒకప్పుడు తెల్లారితే వీధి పొడుగునా పడుగులే. పడుగంటే బట్టకు నిలువు పోగులు. వాటిని వీధిలో సాగదీసి కట్టి, గంజి పెట్టి, కుంచెతో దువ్వాల. అది పొద్దు పుట్టకముందే కావాల. ఏంటికంటే అప్పుడు గాలుండదు. పొద్దెక్కి గాలి లేసిందంటే గంజి ఒక తీరుగా ఆరదు, పోగులు పటపటా తెగుతాయి. అందుకే మా వాళ్ళకు గాలంటే ఇంటికొచ్చిన ఆడబిడ్డంత బయం. ఈయప్ప పడుగు తీసే ముందర రెండు గుంజల నడుమ ఒక్క పోగు కట్టి, ఊపిరి బిగబట్టి దాన్నే సూస్తా నిలబడతాడు. పోగు కదలకపోతే పడుగు తీస్తాడు. కదిలిందా, ఇంగ ఆ పొద్దు పని లేదు. ఆ పోగు ఏం సెప్తే అదే ఆయప్పకు వేదం. ఆ వేదమే మా కొంప ముంచబోయింది.

ఇంగ కొండ సంగతికొస్తా. ఆదోని దాటి ఆలూరు దావలో పోతే గాలిగుండు కొండని ఒకటుండాది. శానా ఎత్తేం కాదు గానీ పైన సెట్టు లేదు, సేమ లేదు, అంతా బోడి. సగం పైన ఎక్కితే ఒక సదరం బండ వస్తాది. ఆడిదాకా ముసలోళ్ళు గూడా పోతారు. ఆడ్నుంచి పైకి పోయేదాన్ని ఏనుగువీపు అంటారు. నున్నని బండ, ఒక ఎద్దులబండి పట్టేంత వెడల్పు, రెండు పక్కలా లోయ. పట్టుకునేదానికి ఒక పొద లేదు, తాడు కట్టేదానికి ఒక గుండు లేదు. ఆ వీపు దాటినాక కొనన బండకు సెక్కిన ఆంజనేయుడు, ఆయన పక్కన ఒక ఇనుప కంబం. ఆషాడంలో మొదలైన గాలి శ్రావణం పోయేదాకా ఆ వీపు మీద మనిషిని నిలవనీదు. "గాలి కొడుకును సూడాలంటే గాలినడిగి పోవాలమ్మా" అంటాడు ఆడి పూజారి ఉచ్చీరప్ప.

శ్రావణంలో మొదటి శనివారం ఆ కంబానికి ఎర్రగుడ్డ కట్టాల. ఆ గుడ్డ నేసి, మోసుకుపోయి, కట్టే వంతు మా ఇంటిది. మా మామ వాళ్ళ తాత కాలం నుంచీ మాదే. గుడ్డ నేల తాకకూడదు. ఏనుగువీపు మొదట్లో మూట విప్పి, గుడ్డను రెండు సేతుల మీద పెట్టుకొని, సామికి సూపిస్తా ఒక్కరే నడిసి పోవాల. అదీ ఆచారం. ఏ బుద్ధిమంతుడు పెట్టినాడో గానీ, వాడు ఎప్పుడూ ఆ వీపు ఎక్కిండడు.

మా బావ మారుతి, అంటే మా ఆయప్పకు సొంత అన్న, ఆ వీపు మీదనే పోయినాడు. నేను ఆ ఇంటికి రాకముందు సంగతి. మిట్ట మధ్యాన్నం గాలి లేసి గుడ్డ గొడుగు మాదిరి ఉబ్బిందంట. ఆయన వదల్లా. గుడ్డతోనే లోయలోకి పోయినాడు. ఎనక సదరం బండ మీద నిలబడి సూసినోడు మా ఆయప్ప, అప్పటికింకా మీసం గూడా సరిగ్గా రాలా. కింద దొరికినాక గూడా అన్న పిడికిట్లో గుడ్డ అట్లనే ఉన్నింది. ఆ పిడికిలి విప్పేదానికి ఎవురికీ సేతులు రాలేదంట. తమ్ముడే కూసోని ఒక్కొక్క వేలు విప్పినాడంట. ఈ మాట ఆయప్ప నాకు ఒకే ఒకసారి సెప్పినాడు. మళ్ళా ఎప్పుడూ సెప్పలా, నేనూ అడగలా.

వీధిలో వాళ్ళు మాత్రం ప్రతి శ్రావణంలోనూ సెప్తారు. "మారుతంటే మారుతే! పానం పోయినా గుడ్డ వదల్లా" అని. పిల్లోళ్ళకు సెప్తారు, కొత్తగా వచ్చిన కోడండ్లకు సెప్తారు. నాకు ఒళ్ళు మండిపోతాది. పానం కంటే గుడ్డ ఎక్కువనా? అదే మాటంటే, "నీకేం తెలుసు శారదమ్మా, అది వంశం పరువు" అంటారు. పరువంట, వాళ్ళ నోట్లో మన్ను పడ! మా ఆయప్ప మాత్రం ఆ పొగడ్త ఇన్నప్పుడల్లా తల వంచుకొని గమ్మునుంటాడు. కాళ్ళు మాత్రం కదుల్తానే ఉంటాయి.

అన్న పోయినప్పట్నుంచీ ఆ గుడ్డ ఈయప్పే మోసినాడు. పొద్దు బాగా ఎక్కినాక, కూలినాలి సేసుకునే జనమంతా వచ్చినాక, వాళ్ళతో పాటు పోయేది. వీపు మీద గాలి కొడితే వంగి, కూసోని, మోకాళ్ళ మీద దేక్కుంటా దాటేది. నేను ఇంట్లో పొయ్యి ముందర కూసోని, వాకిలి దిక్కే సూస్తా అల్లాడేదాన్ని. పోయినేడు ఆయప్ప మోకాలు సిప్ప అరిగిపోయింది. తొక్కి తొక్కి అరిగింది, ఇంగేమి? కర్నూల్లో డాక్టరు "కొండ మాటెత్తొద్దు పెద్దాయనా" అన్నాడు. సల్లగుండు నాయనా అని మనసులోనే ఆ డాక్టరుకు దండం పెట్టుకున్నా. ఇంగ వంతు ఇంగో ఇంటికి పోతాది, పీడ విరగడవుతాది అనుకున్నా.

పీడ యాడ పోతాది! మా ఉమారాణి "నేను పోతా నాయనా" అనింది.

ఉమారాణి మాకు ఒక్కతే బిడ్డ. ఆదోనిలో బట్టలంగట్లో పని, రోజూ బస్సులో పోయొస్తాది. అంగడి లేని పొద్దు మగ్గమెక్కి నాయనకు సమంగా నేస్తాది. మొండిది. ఎవరి పోలికని అడగొద్దండి, నా పోలికే. ఆ ఎర్రగుడ్డకు అంచు సిన్నప్పట్నుంచీ అదే నేస్తాండాది. "నేసేది నేను, కట్టేది ఇంకొకరా?" అని నడుము మీద సెయ్యి పెట్టుకొని నిలబడింది. నేను అరిసినా, ఏడిసినా, బువ్వ మానేసి పండుకున్నా. నాయనా బిడ్డా ఇద్దరూ నా పక్కనే కూసోని, బూట్లు ఏ రకం తేవాలని మాట్లాడుకుంటాండారు. నన్ను బతిమాలే దిక్కు లేదు. మాపటికి నేనే లేసి తిన్నా.

ఆ పొద్దు నుంచి నాకు ఒకటే దిగులు. వంతు ఉంటే ఉండనీ, పోతే పోనీ. పోయిన నా బిడ్డ ఆ వీపు మీద నుంచి మళ్ళా నడిసి రావాల. అంతకు మించి ఆ సామిని నేను ఏమీ అడగలా.

ఆయప్ప ఊ అన్నాడే గానీ, అన్నప్పట్నుంచీ కాలుగాలిన పిల్లి మాదిరి తిరిగినాడు. ఆదోనికి పోయి బూట్లు తెచ్చినాడు. తెచ్చి బిడ్డకు తొడిగి, మిద్దె మీద నీళ్ళు పోసి నడిపిచ్చినాడు. జారినాయి. మళ్ళా ఆదోనికి పోయి మార్చుకొచ్చినాడు. మళ్ళా నీళ్ళు, మళ్ళా నడక. అంగటాయన "ఏ కొండకు పోతాండావు పెద్దాయనా, హిమాలయానికా?" అని ఎగతాళి సేసినాడంట. "మా ఇంటికి దానికంటే పెద్దదే" అని సెప్పొచ్చినాడంట.

"సీర వద్దు తల్లీ, ప్యాంటు తొడుక్కో. జడ గట్టిగా అల్లి ముడేసుకో. సున్నీ అసలే వద్దు. గాలి మొదట పట్టుకునేది గుడ్డనే" అని పాఠం సెప్తాండాడు. నేను పొయ్యి కాడ్నుంచి ఇని ఊరుకుంటానా? "సున్నీ వద్దంట! బారల బారల ఎర్రగుడ్డ మాత్రం సేతుల మీద పెట్టుకొని పోవాలంట! ఏం తెలివప్పా నీది, దాసిపెట్టుకో, అమ్ముకుందాం" అన్నా. ఉమ పకపకా నవ్వింది. ఆయప్ప నవ్వలా. లేసి, కుంటుకుంటా వీధి ఆ సివర దాకా పోయి, మళ్ళా వచ్చి, "అది వేరే" అన్నాడు.

ఏం వేరేనో మాత్రం సెప్పలా.

సూసేవాళ్ళు నవ్విపోతారు గానీ, ఇంట్లోనే కొండ కట్టినాడు. సాప పరిసి, ఇదే ఏనుగువీపు అన్నాడు. ఉమ దుప్పటి సేతుల మీద పెట్టుకొని సాప మీద నడవాల. ఈయప్ప సేట పట్టుకొని పక్కనుంచి గాలి ఇసరాల. "ఇదో కొట్టింది! కూసో! గాలికి వీపియ్యి! అరసేతులు బండకానించు! తగ్గింది, లే, అడుగెయ్యి!" సేటలో ఉన్న బియ్యం మెరిగెలన్నీ బిడ్డ నెత్తి మీద. కండ్లు మూసుకొని ముడి వేయడం నేర్పినాడు, ఎడమ సేత్తో వేయడం నేర్పినాడు. మూటను వీపుకు అడ్డంగా కట్టడం నేర్పినాడు. పైన అరిస్తే మాట ఇనపడదు గదా, అందుకని తెల్ల తువ్వాలతో సైగలు నేర్పినాడు. సదరం బండ కాడ తాను నిలబడి తువ్వాల పైకెత్తి పట్టుకుంటే ఆగిపోవాల. అటూ ఇటూ ఊపితే ముందుకు నడవాల.

ఒకనాడు నేను సేట లాక్కొని అడిగినా. "గాలెక్కువైతే ఏం సేయాల?"

"కూసోవాల."

"ఇంకా ఎక్కువైతే?"

"బండ మీద బోర్లా పండుకోవాల."

"గుడ్డ ఉబ్బి బిడ్డను లాగితే?"

ఆయప్ప నోరు తెరిసినాడు. మూసినాడు. లేసి వీధిలోకి పోయినాడు. "నిన్నేనప్పా అడిగేది! దానికేం సైగ?" అని వాకిట్లోకొచ్చి అరిసినా. వీధి వీధంతా ఇనింది, ఆయప్ప ఒక్కడికే ఇనపడలా.

ఎప్పుడు ఎక్కాలనేదాని మీద నాయనకూ బిడ్డకూ ఒక పెద్ద పంచాయితీ. ఉమ ఫోను సూపిచ్చింది. "ఇదో చూడు నాయనా, కొండ ఎత్తులో తెల్లారుజామున గాలి ఎక్కువని చూపిస్తాంది. పొద్దెక్కినాక కొంచెం తగ్గుతుందంట."

"ఫోనుకేం తెలుసు తల్లీ? అది ఎప్పుడన్నా పడుగుకు గంజి పెట్టిందా?" అన్నాడు. "గాలి పొద్దుతో లేస్తాది. నేను పుట్టినప్పట్నుంచీ సూస్తాండా. మీ పెద్దనాయన పోయింది మధ్యాన్నమే గదా! అందరి మాదిరి పొద్దెక్కినాక పోవద్దు. తెల్లారతానే వీపు దాటాల, గాలి లేసేలోపల కిందికొచ్చేయాల."

నిజం సెప్పాలంటే ఆ మాట నాకూ సరే అనిపిచ్చింది. తెల్లారుజామున గాలుండదని మా వీధిలో ఎవర్నడిగినా సెప్తారు. నేను మాత్రం ఆ వీధి దాన్ని కాదా? "నాయన సెప్పినట్ల ఇనవే" అని బిడ్డను నేను గూడా గదిమినా.

శనివారం వచ్చింది. ఇంకా సీకటే. ఆయప్ప వీధిలో గుంజల నడుమ పోగు కట్టినాడు. వీధి దీపం కింద ముగ్గురం నిలబడి సూస్తాండాము. పోగు కదల్లా. పటంలో గీసిన గీత మాదిరి అట్లనే నిలబడింది. ఆయప్ప మొగంలో నేను ఎన్నాళ్ళకో నవ్వు సూసినా. "సూసినావా శారదా? పద, పద, జల్దీ" అన్నాడు. పక్కింటి సుధాకర్ ఆటో తెచ్చినాడు. మూట ఉమ ఒళ్ళో, సద్ది నా ఒళ్ళో, ఆయప్ప సేతిలో ఊతకర్ర.

ఆదోని దాటినాక తెల్లగా తేరుకునింది. ఆలూరు దిక్కు గట్ల మీద గాలిమరలు వరసగా కనపడినాయి. గిర్రున తిరుగుతాండాయి. "ఏమప్పా, అవి అంత జోరుగా తిరుగుతాండాయే!" అన్నా.

"అవి కరెంటుకు పెట్టినవి. తిరగడమే వాటి పని" అన్నాడు.

సుధాకర్ కిసుక్కున నవ్వినాడు. ఉమ నవ్వలా. గాలిమరల దిక్కే సూస్తా మూటను గట్టిగా పట్టుకునింది. నేను ఆటో ఆపమని అరిసిండాల్సింది. కానీ ఆటో సందులోంచి సూస్తే దావ పక్కన సేనులో ఆకు గూడా కదల్లేదు. కంటికి కనపడేది నమ్మాల్నా, యాడో తిరిగే రెక్కల్ను నమ్మాల్నా?

సదరం బండ దాకా ఆయప్పను ఒక పక్క నేను, ఒక పక్క బిడ్డ పట్టుకొని ఎక్కిచ్చినాము. మెట్టు మెట్టుకూ పండ్లు బిగబట్టినాడు గానీ అబ్బా అనలా. సదరం బండకు పడమర దిక్కు పెద్ద గుట్ట అడ్డం. ఆడా గాలి లేదు. పూజారి ఉచ్చీరప్ప ఇంకా రాలా, జనం ఎవురూ రాలా. "సూసినావా" అన్నాడు మళ్ళా ఆయప్ప.

ఉమ మూట విప్పింది. గుడ్డ సుట్టను రెండు సేతుల మీద పెట్టుకొని, వాళ్ళ నాయన కాళ్ళకు మొక్కింది, నాకు మొక్కింది. నేను బూట్ల దారం బిగిచ్చినా. ఆయప్ప తువ్వాల అటూ ఇటూ ఊపినాడు. బిడ్డ నడిసింది.

మొదట బాగనే పోయింది. గుట్ట మరుగు దాటేదాకా బాగనే పోయింది. మరుగు దాటిందో లేదో, పడమటి గాలి వచ్చి కొట్టింది. అంగీ ఒంటికి కరుసుకొని పటపటా కొట్టుకోవడం ఈడికి కనపడుతాంది. ఆయప్ప తువ్వాల పైకెత్తినాడు. బిడ్డ కూసునింది. గాలికి వీపిచ్చింది, సాప మీద నేర్సుకున్నట్లే. గాలి తగ్గాల గదా? తగ్గలా. సేటతో ఇసిరే గాలా అది, సెయ్యి నొప్పి పుడితే ఆగేదానికి! గుడ్డ సుట్ట ఒక పక్క విప్పుకునింది. కొన పైకి లేసింది. నేను సూస్తాండంగానే బారెడు, రెండు బారలు, పాము పడగెత్తినట్ల లేసి, ఉబ్బి, లోయ దిక్కుకు గుంజింది.

ఉమ బోర్లా పడింది. రెండు సేతులకూ గుడ్డ సుట్టుకోనుండాది. వదల్లా. బూట్లు బండ మీద జారుతాండాయి. అంత నీళ్ళు పోసి, అంత సూసి తెచ్చిన బూట్లు!

"వదిలెయ్ తల్లీ! వదిలెయ్!" అని ఆయప్ప అరిసినాడు. ఆ అరుపు మా మొగానికే వచ్చి కొట్టింది. "నీ గుడ్డ కాలిపోను, వదలవే!" అని నేను గొంతు పగిలేట్ల అరిసినా. బిడ్డ తల తిప్పి మా దిక్కే సూస్తాండాది. మా మొగాలు కాదు, తువ్వాల సూస్తాండాది. నాయన ఏం సెప్తాడో అని సూస్తాండాది. పైకెత్తితే ఆగమని. ఊపితే నడవమని. మూడోది లేదు. పుట్టినప్పట్నుంచీ అది ఇన్నదేమి? పెద్దనాయన పానం పోయినా గుడ్డ వదల్లా అనే గదా!

నేను ఆయప్ప సొక్కా పట్టుకొని ఊపేసినా. "దానికేం సైగ అని అడిగినా గదప్పా! నోరు తెరిసి మూసుకుంటివి గదప్పా!"

ఆయప్ప నన్ను ఇడిపిచ్చుకున్నాడు. ఊతకర్ర యాడ పడేసినాడో, ఆ అరిగిన మోకాలితో గుట్ట మరుగు దాటి గాలిలోకి పోయినాడు. ఏనుగువీపు మొదట్లో నిలబడినాడు. పంచె ఎగిరి కొట్టుకుంటాంది, మనిషి ఊగుతాండాడు. తువ్వాలను రెండు సేతులతో తలపైకి ఎత్తినాడు. బిడ్డ సూస్తాండాది. అప్పుడు రెండు సేతులూ విప్పేసినాడు.

తువ్వాల లోయలోకి ఎగిరిపోయింది. ఆయప్ప సేతులు దించలా. వేళ్ళు ఎడంగా సాపి, రెండు ఖాళీ అరసేతులు బిడ్డకు సూపిస్తా అట్లనే నిలబడినాడు.

ఉమ సేతులు ఇదిలిచ్చింది. ఎర్రగుడ్డ లేసింది. ఇంత గుడ్డ, ఇన్ని దినాలు నేసిన గుడ్డ, బారుగా సాగి, మెలికలు తిరిగి, తూర్పు దిక్కుకు ఎగిరిపోయింది. సూస్తాండంగానే సిన్నదై పోయింది. బిడ్డ మాత్రం బండను కరుసుకొని ఆడనే ఉండాది. అది సాలు, అది సాలు అని నేను బండకు మొక్కుతాండా.

బిడ్డ దేక్కుంటా ఎనక్కి వస్తాండంగా ఉచ్చీరప్ప రొప్పుకుంటా ఎక్కొచ్చినాడు. కొండ కింద వాళ్ళూరి నుంచే మేము ఎక్కేది సూసినాడంట. "ఎవురు సెప్పినారప్పా ఈ పొద్దుకాడ పంపమని? కింద గాలి పొద్దుతో లేస్తాది, ఈడ పైన రాత్రంతా లేసే ఉంటాది. పొద్దెక్కితేనే రవ్వంత తగ్గేది! ఇన్నేండ్లు పొద్దెక్కినాకే పోతివి గదా నువ్వు!" అన్నాడు. మా వీధిలో రెండు పక్కలా ఇండ్లుండాయి, ఈడ ఏముండాది అడ్డం అని నాకు అప్పుడు తట్టింది. ఉచ్చీరప్ప ఖాళీ కంబం దిక్కు సూసి, తల గోక్కొని, "అయినా మారుతన్న ఇంటి గుడ్డ వదిలేయడమంటే..." అని నసిగినాడు.

"ఆ పేరెత్తినావంటే పూజారివని గూడా సూడను!" అన్నా. పాపం మంచోడే, పోయి ఒక వారగా కూసున్నాడు.

ఉమ వచ్చింది. మోకాళ్ళు గీసుకపోయినాయి, గడ్డం కాడ రక్తం. నన్ను సూడలా, వాళ్ళ నాయన ముందర కూలబడింది. "నాయనా, వదిలేసినా. పెద్దనాయన వదల్లేదు గదా, నేను వదిలేసినా" అని ఎక్కెక్కి ఏడిసింది.

ఆయప్ప బిడ్డ ముందర కూసున్నాడు. పడుగులో యాడ పోగు తెగిందో వెతికేటప్పుడు అరసెయ్యి ఆనించి మెల్లగా జరుపుకుంటా పోతాడు, అట్లనే బిడ్డ భుజం మీద సెయ్యి పెట్టి, మోసెయ్యి, మణికట్టు తడుముకుంటా వచ్చినాడు. పిడికిలి కాడ ఆగిపోయినాడు. కుడి సెయ్యి పిడికిలి ఇంకా బిగుసుకునే ఉండాది. గుడ్డ పోయినా అది ఇడవలా. ఆ పిడికిలి సూసి ఆయప్ప మొగం తెల్లగా పాలిపోయింది. నాకు ఎందుకో తెలుసు. ఉచ్చీరప్పకు తెలీదు, బిడ్డకు తెలీదు.

బొటనవేలు విప్పినాడు. సూపుడువేలు విప్పినాడు. నడిమివేలు. ఉంగరపువేలు. సిటికెనవేలు కాడ రవ్వసేపు ఆగి, అదీ విప్పినాడు. అరసేతిలో ఎర్రగా ఒరుసుకపోయిన గీత. అంతే.

"శారదా, ఈడికి రా. సూడు" అన్నాడు. "ఏమీ లేదు శారదా. సేతిలో ఏమీ లేదు."

ఆ ఖాళీ అరసేతిని మొగానికి ఆనిచ్చుకొని ఆయప్ప ఏడిసినాడు. అన్న కోసం గూడా ఆ పొద్దే ఏడిసినాడేమో. నేను పోయి ఇద్దరి పక్కన కూసున్నా. తిట్టాల్సింది శానా ఉండాది, ఒక్కటీ నోటికి రాలా. తల వంచుకుంటే ఆయప్ప కాళ్ళు కనపడినాయి. బండ మీద సాపుకోనుండాయి, కదలకుండా.